విదేశీ డ్రోన్ కొనే ముందు ఆగండి! ఈ కాగితం చదవండి!

పల్నాడు జిల్లా రైతులకు, కౌలు రైతులకు, డ్రోన్‌తో మందు కొట్టే యువకులకు, ఫొటో స్టూడియోల వారికి, విదేశాల నుంచి సెలవులకొచ్చే మన పిల్లలకు విజ్ఞప్తి



మన పల్నాట డ్రోన్ ఇప్పుడు వింత వస్తువు కాదు. మిరప తోటల్లో, పత్తి చేలల్లో మందు కొడుతోంది. పెళ్లి జరిగితే ఊరేగింపును పైనుంచి తీస్తోంది. శివరాత్రికి కోటప్పకొండ దగ్గర బారులు తీరిన ప్రభలను, కారంపూడిలో వీరుల ఉత్సవాలను ఎక్కడో ఉన్న మనవాళ్లు ఫోన్లలో చూసి మురిసిపోతున్నారంటే దాని పుణ్యమే. ఈ పనిముట్టు మనకు కావాలి. వద్దనడానికి ఈ కరపత్రం వేయలేదు.

కాగితాల్లేని విదేశీ డ్రోన్ కొని మన డబ్బు, మన పరువు పోగొట్టుకోవద్దని చెప్పడానికి వేశాం. "బయటి దేశం సరుకు, తక్కువలో ఇప్పిస్తాం, వారంటీ కూడా ఉంది" అనే మాట నమ్మి అప్పు చేసి కొంటే, అది చెడిపోయిన రోజున అడగడానికి మనిషి ఉండడు, పోలీసు ఆపిన రోజున చూపించడానికి కాగితం ఉండదు. ఈ రెండూ జరగకముందే తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి. దయచేసి చివరిదాకా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

పన్ను కడితే వదిలేస్తారనుకోవద్దు

2022 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ రోజు ఇచ్చిన నోటిఫికేషన్‌లో డొంకతిరుగుడేమీ లేదు. తయారైన డ్రోన్‌ను ఉన్నదున్నట్టు తెచ్చినా, సగం విప్పి తెచ్చినా, పూర్తిగా ముక్కలు చేసి పెట్టెలో సర్ది తెచ్చినా నిషేధమే. పరిశోధన అవసరాలకు, దేశ రక్షణకు, భద్రతకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదీ ముందుగా అనుమతి తీసుకున్నాకే. పెళ్లి వీడియోలకు మినహాయింపు లేదు. మిరపకు మందు కొట్టడానికీ లేదు.

టీవీ తెచ్చినట్టు, ఫోన్ తెచ్చినట్టు డ్రోన్ కూడా తెచ్చుకుని, మరీ అడిగితే సుంకం కట్టేద్దాం అని చాలామంది అనుకుంటున్నారు. సుంకం కట్టే సరుకు వేరు, నిషేధించిన సరుకు వేరు. విమానం దిగిన ప్రయాణికుడు నింపే కస్టమ్స్ డిక్లరేషన్‌లో డ్రోన్ పేరు విడిగా ఉంటుంది. చెప్పకుండా బయటికి రావాలని చూసి శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దొరికితే 1962 నాటి కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద సరుకు జప్తు చేయవచ్చు, 112వ సెక్షన్ కింద జరిమానా వేయవచ్చు. ఉద్యోగానికో చదువుకో మళ్లీ విమానం ఎక్కవలసిన పిల్లవాడి మీద ఒక డ్రోన్ కోసం కస్టమ్స్ కేసు పడటం ఏ తల్లిదండ్రులకైనా ఇష్టమేనా?

"ఇది 249 గ్రాములే, 250 లోపు ఉన్నదానికి రూల్స్ లేవు" అని ఇంకో మాట తిరుగుతోంది. 250 గ్రాముల లోపు డ్రోన్ నడపడంలో కొన్ని సడలింపులు ఉన్న మాట నిజమే. దిగుమతి నిషేధానికి మాత్రం బరువుతో పని లేదు. అర కిలో ఉన్నా, పాతిక కిలోలున్నా, అరచేతిలో పట్టేదైనా నిషేధం ఒక్కటే.

"మా తమ్ముడు డాలస్‌లో కొన్నాడు, బిల్లు కూడా ఉంది" అంటారు. ఆ బిల్లు అక్కడ కొన్నట్టు రుజువు. ఈ దేశంలోకి సక్రమంగా వచ్చినట్టు రుజువు కాదు. దానికి కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండాలి.

ఇక్కడ మోసానికి ఇంకో సందు ఉంది. డ్రోన్ విడి భాగాల దిగుమతికి నిషేధం లేదు. మోటారు, బ్యాటరీ, కంట్రోలర్ లాంటివి తెచ్చుకుని మన దేశంలో డ్రోన్ తయారు చేసుకోవచ్చు. అందుకని కొందరు అక్కడొకటి ఇక్కడొకటి భాగాలు తెప్పించి, షెడ్డులో బిగించి, "ఇది స్వదేశీ" అని అమ్ముతారు. ఇక్కడ బిగించినంత మాత్రాన సరిపోదు. ఆ మోడల్‌ను పరీక్షించి, ఎగరడానికి తగినదని ఇచ్చిన టైప్ సర్టిఫికెట్ ఉండాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో వ్యాపారం చేయాలంటే, మందు కొట్టాలంటే ఆ సర్టిఫికెట్ అడగకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

వారంటీ కార్డు చూసి మోసపోవద్దు

మనకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

డ్రోన్ కింద పడే వస్తువు. ఎంత చెయ్యి తిరిగినవాడు నడిపినా ఏదో ఒక రోజు కరెంటు తీగకో, చింతచెట్టు కొమ్మకో తగులుతుంది. రెక్కలు విరుగుతాయి, మోటారు కాలుతుంది, పంపు మందుకు పట్టేస్తుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. కాబట్టి డ్రోన్ ధర ఎంత అన్నది సగం ప్రశ్నే. బాగు చేసేవాడు ఎక్కడ, ఎన్నాళ్లలో చేస్తాడు, భాగం ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే మిగతా సగం.

విదేశీ కంపెనీలు సాధారణంగా ఏ దేశంలో అమ్మితే ఆ దేశంలోనే, ఆ ప్రాంతంలోనే వారంటీ ఇస్తాయి. అమెరికాలో కొన్నదానికి అమెరికాలో, దుబాయ్‌లో కొన్నదానికి అక్కడ. పెట్టెలో ఉన్న వారంటీ కార్డు అబద్ధం కాకపోవచ్చు. మాచర్లలో అది పని చేయదు, అంతే. పడిపోయిన డ్రోన్‌ను బాగు చేయించడానికి మళ్లీ ఆ దేశం పంపాలి. లిథియం బ్యాటరీని విమానంలో పంపడానికి సవాలక్ష నిబంధనలు. ఎలాగో పంపినా, బాగై తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మన కస్టమ్స్ ముందుకే రావాలి. మొదటిసారి దొంగచాటుగా వచ్చిన సరుకుకు రెండోసారి ఏ కాగితం చూపిస్తాం?

అమ్మినవాడు తన లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చే "ఆరు నెలల వారంటీ" సంగతి ఇంకా దారుణం. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండదు, మోడల్ పేరు ఉండదు, సీరియల్ నంబరు ఉండదు. ఒక్కోసారి బిల్లే ఉండదు, ఫోన్‌లో డబ్బు పంపిన మెసేజ్ ఒక్కటే మిగులుతుంది. సరైన బిల్లు ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండగా ఉంది. 50 లక్షల రూపాయల లోపు వస్తువైతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. మనం ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. బిల్లు లేనివాడికి, నిషేధించిన సరుకు కొన్నవాడికి ఆ తలుపు తట్టే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. మనం నోరు మూసుకుంటామనే అతని ధీమా.

రైతు విషయంలో ఇది మరీ ఘోరం. 2021-22లో మిరప పూతను నల్ల తామర పురుగు ఎలా ఊడ్చేసిందో మన తోటలు చూశాయి. అలాంటి పురుగు పడినప్పుడు మందు ఈ రోజు కొట్టాలి, వారం తర్వాత కాదు. ఆ వారంలో డ్రోన్ మోటారు కోసం ఎక్కడి నుంచో పార్సిల్ వస్తుందని కూర్చుంటే, డ్రోన్ కొన్న కుర్రాడి కిస్తీలతో పాటు అతన్ని నమ్ముకున్న రైతుల తోటలూ పోతాయి.

మరి మంచి వారంటీ అంటే ఎలా ఉండాలి? దీనికి ప్రభుత్వమే ఒక కొలమానం పెట్టింది. మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లిచ్చే నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోమనలేదు. ఉన్నచోటికే వచ్చి బాగు చేసే ఏడాది వారంటీ, ఏడాది సమగ్ర బీమా, రెండేళ్ల నిర్వహణ ఒప్పందం, నాలుగు అదనపు బ్యాటరీ సెట్లు, అదనపు రెక్కలు, నాజిళ్లు, 15 రోజుల శిక్షణ, ఇవన్నీ కలిపి ఒక ప్యాకేజీగా పెట్టారు. సంఘాలకు ఇలా ఇవ్వగలిగినప్పుడు సొంత డబ్బుతో కొనే మనకు ఎందుకు ఇవ్వరు? ఏ డీలరు దగ్గరికి వెళ్లినా ఈ వివరాలు నోటితో కాదు, బిల్లు వెనక రాయించుకుని సంతకం తీసుకోండి. సర్వీసు మనిషి ఏ ఊళ్లో ఉంటాడో, ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడో రాయించండి. బ్యాటరీ వారంటీ నెలల లెక్కనా, ఛార్జింగుల లెక్కనా అన్నది విడిగా అడగండి. మందు కొట్టే డ్రోన్‌లో ఎక్కువ ఖర్చు పెట్టించేది బ్యాటరీయే.

ధర సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ ఒకే తీరుగా 5 శాతం అయింది. అంతకు ముందు రకాన్ని బట్టి 18, 28 శాతం కూడా ఉండేది. వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం నిబంధనల ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు డ్రోన్ ధరలో 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షలు; మిగతా రైతులకు 40 శాతం, గరిష్ఠంగా 4 లక్షల సాయం ఉంది. డ్రోన్ దీదీలో సంఘాలకు 80 శాతం, 8 లక్షల వరకు. టైప్ సర్టిఫికెట్ లేని డ్రోన్‌కు ఈ సాయం రాదు. దొంగచాటు డ్రోన్ చవక అనే ముందు ఈ లెక్క కూడా వేసుకోండి.

ఎగరేయాలంటే ఏం కావాలి

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలే ఈ రోజుకీ ఆధారం. బండికి నంబరు ప్లేటు ఉన్నట్టు డ్రోన్‌కు యూఐఎన్ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. రుసుము 100 రూపాయలే. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ ఆన్‌లైన్ వేదికలోనే దరఖాస్తు చేసుకోవాలి. టైప్ సర్టిఫికెట్ లేని విదేశీ మోడల్‌కు ఈ నంబరు దొరకదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే నంబరు మన పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమాని పేరుతో ఎగరేస్తే రేపు ఏం జరిగినా ఇద్దరికీ చిక్కే.

నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవారు, 65 దాటనివారు డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ కేంద్రంలో నేర్చుకుని తీసుకోవచ్చు. పదేళ్లు చెల్లుతుంది. పాస్‌పోర్టు ఉండాలనే షరతును 2023 సెప్టెంబరులో తీసేశారు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలు. మనకు దగ్గర్లోనే, గుంటూరు పక్కన లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. డ్రోన్ పైలట్ శిక్షణకు దానికి డీజీసీఏ అనుమతి ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు, వ్యాపారం కాకుండా నడుపుకునే రెండు కిలోల లోపు డ్రోన్‌కు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. స్టూడియో సోదరులు గమనించాలి: పెళ్లివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని తీసేది వ్యాపారమే.

ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపిస్తారు. ఆకుపచ్చలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపులో విమాన రాకపోకల నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. మన పొలాల్లో చాలావరకు విమానాశ్రయాల బెడద లేదు. అయినా ఎగరేసే ప్రతిసారీ మ్యాప్ చూడాలి. ఎందుకంటే ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అవసరమైతే ఏ ప్రాంతాన్నయినా ఒక్కో దఫా 96 గంటల దాకా తాత్కాలిక ఎరుపు ప్రాంతంగా ప్రకటించవచ్చు. తిరునాళ్లు, ముఖ్యమంత్రి పర్యటన, ఎన్నికలు, ఊళ్లో ఉద్రిక్తత, ఇలాంటి సమయాల్లో నిన్న ఎగరేసిన చోట ఈ రోజు ఎగరేస్తే తప్పు. నాగార్జున సాగర్ ఆనకట్ట, పులిచింతల ప్రాజెక్టు లాంటి చోట్ల అధికారులను అడగకుండా డ్రోన్ తీయనే తీయకండి. ప్రభలను తీయదలచుకున్నవారు తిరునాళ్లకు ముందే పోలీసులను కలవండి. నిబంధన దాటితే లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది.

మందు కొట్టేవారికి ఇంకొంచెం బాధ్యత ఎక్కువ. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. కొట్టబోతున్నామని 24 గంటల ముందే ఊరికి తెలియజేయాలి. అనుమతి ఉన్న మందులే వాడాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆపేయాలి. పక్క చేలో ఆకుకూరలు ఉండవచ్చు, గట్టు మీద గేదెలు మేస్తూ ఉండవచ్చు, చెరువు ఉండవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: బీమా. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మిరపకాయలు కోసే కాలంలో మన తోటల్లో ఎందరు ఆడకూలీలు వంగి పని చేస్తుంటారో అందరికీ తెలుసు. పది లీటర్ల మందు ట్యాంకుతో, కత్తుల్లా తిరిగే రెక్కలతో ఉన్న యంత్రం అదుపు తప్పి ఒక తల్లి మీద పడితే ఆమె వైద్యానికి ఎవరిస్తారు? ఆమె కుటుంబానికి ఎవరు దిక్కు? గుర్తింపు నంబరు లేని డ్రోన్‌కు చెల్లే బీమా ఉండదు. బీమా లేని డ్రోన్‌ను రోజుకు వంద రూపాయలు తక్కువకు వస్తుందని తోటలోకి పిలిచిన రైతుకూ ఈ పాపంలో భాగం ఉంటుంది. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డీజీసీఏకు తెలియజేయాలన్నది కూడా నిబంధనే. దాచిపెట్టి ఊళ్లో రాజీ చేసుకోవడం దీనికి మందు కాదు.

ఇప్పటికే కొన్నవాళ్ల సంగతి?

వారిని దొంగలని మేం అనడం లేదు. ఎక్కువమంది తెలియక కొన్నవాళ్లే. 2021 నవంబరు 30 లోపు దేశంలోకి వచ్చిన పాత డ్రోన్లను, బిల్లో బిల్ ఆఫ్ ఎంట్రీయో ఉంటే, నమోదు చేసుకోవడానికి అప్పట్లో గడువు ఇచ్చారు. నిషేధం తర్వాత వచ్చినవాటికి అలాంటి వెసులుబాటు లేదు. కాబట్టి ఎగరేయడం ఆపండి. నష్టం పూడ్చుకుందామని ఇంకో అమాయకుడికి అమ్మకండి. అమ్మినవాడి దగ్గరికి ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి వెళ్లి డబ్బు వెనక్కి అడగండి. చెల్లింపు మెసేజులు, వాట్సాప్ మాటలు, వారంటీ అని రాసిచ్చిన కాగితం దాచిపెట్టుకోండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. మీరున్న అమెరికాలోనూ 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను విమానయాన శాఖ దగ్గర నమోదు చేయకుండా ఎగరనివ్వరు. అక్కడ పాటించే పద్ధతి ఇక్కడా పాటించండి. బావమరిది అడిగాడనో, మేనమామ ముచ్చట పడ్డాడనో సూట్‌కేసులో డ్రోన్ పెట్టుకుని రావద్దు. ఊరికి మేలు చేయాలని ఉంటే, ఊళ్లో ఇద్దరు పిల్లల పైలట్ శిక్షణకు డబ్బు కట్టండి. రైతుల గుంపు ఒకటి సక్రమంగా డ్రోన్ కొంటుంటే వాళ్ల వాటాలో చెయ్యి వేయండి.

మనం అడగవలసినవి

నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో డ్రోన్ సర్వీసు కేంద్రాలు పెట్టాలి. సబ్సిడీ మీద డ్రోన్లు అమ్మే కంపెనీలు ఈ జిల్లాలో మెకానిక్‌ను, విడి భాగాలను ఉంచాలనే షరతు పెట్టాలి. మిరప, పత్తి సీజన్లో చెడిపోయిన డ్రోన్ బదులు ఇంకోటి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద టైప్ సర్టిఫికెట్ ఉన్న మోడళ్ల పేర్లు, బీమా ఉన్న డ్రోన్ ఆపరేటర్ల పేర్లు తెలుగులో రాయాలి. డ్రోన్ శిక్షణ కోసం మన పిల్లలు ఊళ్లు పట్టుకుని తిరగకుండా పల్నాడులోనే కేంద్రం రావాలి. రాష్ట్ర ప్రభుత్వం ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటోంది. 2024 అక్టోబరులో అమరావతి డ్రోన్ సమ్మిట్ సందర్భంగా విజయవాడ కృష్ణా తీరాన 5,500 డ్రోన్లు ఎగరేసి గిన్నిస్ రికార్డులు కొట్టింది. సంతోషమే. ఆ వెలుగులో ఒక పాలు మన తోటల్లో చెడిపోయి పడి ఉన్న డ్రోన్ల మీద కూడా పడాలి.

ఈ కోర్కెలు రాసిన అర్జీని రాబోయే సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వబోతున్నాం. డ్రోన్ ఉన్నవాళ్లు బిల్లు, వారంటీ కాగితం జిరాక్సు తెచ్చుకోండి. చెడిపోయి మూల పడ్డ డ్రోన్ ఉన్నవాళ్లు దాని ఫొటో తీసుకురండి. స్టూడియోల వారు ఆ పూట షట్టరు దించి రండి. డ్రోన్ లేని రైతులూ, కూలీలూ రండి. ఉదయం పది గంటలకల్లా కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దాం.

ఇట్లు
పల్నాడు జిల్లా రైతులు, డ్రోన్ ఆపరేటర్లు, ఫొటోగ్రాఫర్లు